మాటలు తప్పుకున్న పాట

మన సరిహద్దు ఊళ్లలో పాట వినబడగానే ముందు వచ్చే ప్రశ్న ‘ఇది ఏ భాష?’ అని. తెలుగా, కన్నడమా, తమిళమా, ఒడియానా? ఆ ప్రశ్నకు పెద్దగా తావులేని పాశ్చాత్య సంగీతం ఒకటుంది. దాన్ని పోస్ట్‌రాక్ అంటారు. గిటార్లూ డ్రమ్ములూ రాక్ సంగీతానివే. గాయకుడు మాత్రం ఉండడు, ఉన్నా ఎక్కడో మూలనుంటాడు. అది ఎలా పుట్టిందో ఈ పూట ముచ్చటించుకుందాం.

లండన్‌లో టాక్ టాక్ అనే బృందం ఉండేది. 1984లో ‘ఇట్స్ మై లైఫ్’తో పేరు తెచ్చుకుంది. పేరొచ్చాక అలాంటివే ఇంకో పది చేయమంటుంది లోకం. గాయకుడు మార్క్ హాలిస్ ఆ దారి పట్టలేదు. స్టూడియోలో దీపాలు తగ్గించి, వాద్యకారులను పిలిచి, చీకట్లో తోచింది వాయించమన్నాడు. గంటల కొద్దీ టేపు నిండింది. నిర్మాత టిమ్ ఫ్రీజ్-గ్రీన్‌తో కూర్చుని అందులోంచి ఇక్కడొక తీగ మీటు, అక్కడొక బూర ఊపిరి ఏరి కూర్చాడు. ఎక్కువ భాగం పారేశాడు. అలా 1988లో ‘స్పిరిట్ ఆఫ్ ఈడెన్’ వచ్చింది. మొదటివైపు మూడు రచనలు ఆగకుండా ఒకదాంట్లోకి ఒకటి సాగుతాయి. హాలిస్ పాడాడు గానీ, ఆ గొంతు కోసం చాలాసేపు కాచుకోవాలి.

కంపెనీవారికి అందులో అమ్ముకోదగ్గ సరుకు కనిపించలేదు. ఒప్పందం గొడవ కోర్టుదాకా వెళ్లింది. 1991లో వేరే కంపెనీకి ‘లాఫింగ్ స్టాక్’ చేశాక బృందం ముగిసిపోయింది. హాలిస్ 1998లో సొంత పేరుతో ఒక్క రికార్డు చేసి రంగం వదిలేశాడు. 2019లో కన్నుమూశాడు. ఈ తరహా సంగీతానికి పోస్ట్‌రాక్ అన్న పేరును వాడుకలోకి తెచ్చినవాడు సైమన్ రేనాల్డ్స్ అనే విమర్శకుడు, 1994లో.

ఆ తరువాతివాళ్లు చాలామంది గొంతును దాదాపుగా వదిలేశారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరపు మోగ్వాయ్ బృందం 1997లో తెచ్చిన ‘యంగ్ టీమ్’ చివరి రచన పదహారు నిమిషాలు. చిన్న గిటారు వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. హోరు ముంచెత్తుతుంది, తగ్గుతుంది, వేణువు మిగులుతుంది. ఆలాపన ఎరిగిన మన చెవికి ఇది కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ పట్టుకోవలసింది రాగాన్ని కాదు, ధ్వని చిక్కబడటాన్నీ పలచబడటాన్నీ. పల్లవి కోసం ఎదురుచూస్తే విసుగే. అన్నట్టు, 2021లో వీరి రికార్డు బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటిస్థానంలో నిలిచింది!

చివరగా కెనడాలోని మాంట్రియల్. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ పలికే ఊరు, మనలాగే. అక్కడి ‘గాడ్‌స్పీడ్ యూ బ్లాక్ ఎంపరర్’ బృందానికి గాయకుడు లేడు. 1997లో వచ్చిన వారి మొదటి ఎల్పీ అట్టలో, రైలు చక్రాల కింద నలిగిన ఒక పెన్నీ నాణెం పెట్టి ఇచ్చారు. రికార్డు చివరి గాడిని వలయంలా కోశారు. సూది అందులో పడితే సంగీతం దానంతట అది ఆగదు, మీరే లేచి ఎత్తాలి.

ఇక సెలవు.