తుంగభద్ర నీళ్లను లెక్కగట్టి పంచేదెలా?

హోస్పేటకు పోయినప్పుడు టీబీ డ్యాం మీరంతా చూసే ఉంటారు. ఆ నీళ్లు కర్ణాటకకు, ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు మూడింటికీ పోతాయి. మరి ఎవరికెంత అని ఎవరు చెప్తారు? తీర్పు ఇచ్చేది ట్రిబ్యునల్, రోజూ అమలు చేసేది తుంగభద్ర బోర్డు. అయితే ఆ తీర్పుకు ఆధారమైన లెక్క కట్టేది సివిల్ ఇంజనీర్లు. పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లకు ఇది బాగానే అర్థమవుతుంది.

ముందు కొలత చూద్దాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, మన లీటర్లలో సుమారు 2,831 కోట్లు. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే ఒక క్యూసెక్కు.

నదిలో ఏటా ఒకేలా నీళ్లు రావు కదా, అందుకని సగటు తీసి పంచితే మోసపోతాం. తుంగభద్ర కలిసే కృష్ణా నదికి బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 78 ఏళ్ల ప్రవాహాలను చూసింది. ఆ 78 అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా రాసుకోండి. నూటికి 75 ఏళ్లు తప్పకుండా వచ్చే నీళ్లెంతో తెలియాలంటే సుమారు 59వ అంకె దగ్గర ఆగాలి. అలా తేలింది 2,060 టీఎంసీలు. తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 65 శాతం కూడా లెక్కలోకి తీసుకుంది. అప్పుడు పంచడానికి నీళ్లు ఎక్కువ కనిపిస్తాయి, కానీ వందలో 35 ఏళ్లు అన్ని నీళ్లు రావు. ఆ లోటు ముందుగా తగిలేది దిగువనున్న వాళ్లకే. ఆంధ్ర అభ్యంతరం ఇందుకే. అంకె ఒకటే మారింది, కానీ దాని వెనక ఎన్ని ఊళ్ల పంట ఉందో చూడండి.

తుంగభద్ర డ్యాం దగ్గర లెక్క 230 టీఎంసీలు. అందులో 18 ఆవిరైపోతాయని ముందే తీసేస్తారు. మిగిలిన 212లో కర్ణాటకకు 138.99, ఆంధ్రకు 66.5, తెలంగాణకు 6.51. ఆంధ్ర వాటాలో 32.5 మన బళ్లారి జిల్లా మీదుగా పోయే ఎగువ కాలవలో అనంతపురం వైపు వెళ్తాయి. దిగువ కాలవకు 24, కర్నూలు-కడప కాలవకు 10.

ఇక్కడ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: డ్యాంలో పట్టేదే 105 టీఎంసీలైతే 230 ఎలా పంచుతారు? వాన కాలంలో ఒక పక్క నిండుతుంటే ఇంకో పక్క కాలవలు పారుతుంటాయి. నిల్వ మిగిలేది వానలు ఆగాకే.

అసలు చిక్కు ఆ నిల్వలోనే ఉంది. 1953లో కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి, 2016 సర్వేలో 105.79కి తగ్గింది. అంటే 27 టీఎంసీలకు పైగా చోటు మట్టికే పోయింది. వరద వచ్చినప్పుడు ఆపుకోలేక వదిలేసి, జనవరిలో రెండో పంటకు చాలక అందరూ కొట్టుకోవాల్సి వస్తోంది. నవలి దగ్గర ఇంకో జలాశయం కట్టాలని కర్ణాటక అంటోంది గానీ, దానికి మిగతా రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఈ నిల్వ ఎంత విలువైనదో అందరికీ తెలిసొచ్చింది.

నీళ్లు తక్కువ వచ్చిన ఏడు ఏం చేస్తారు? ఉన్నదాన్ని అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. కర్ణాటక వాటా 212లో 65.56 శాతం. వాడుకకు 160 మాత్రమే ఉన్నాయనుకోండి, కర్ణాటకకు సుమారు 104.9, మిగతా ఇద్దరికీ కలిపి 55.1. కాగితం మీద ఇది న్యాయమే. కాలవ చివర ఉన్న మాన్వి రైతును అడిగితే వేరే మాట చెప్తాడు. పైవాళ్లు మోటార్లు పెట్టి లాగేస్తే వాటా ఎంతున్నా చివరి మడికి చేరదు. గేజి కొలతలు, కాలవ నష్టాల మీద ఇంజనీర్లు ఇంకా పరిశోధిస్తున్నది ఈ సంగతే.

పేపర్లో రోజూ డ్యాం మట్టం వేస్తారు, నిండు మట్టం 1,633 అడుగులు. పక్కనే ఇన్‌ఫ్లో క్యూసెక్కుల్లో ఉంటుంది. ఆ అంకెను 11,574తో భాగించండి, ఆ రోజు ఎన్ని టీఎంసీలు చేరాయో తేలుతుంది. ఈ జులై నుంచి ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.