పాత ఇనుముకు కొత్త కామ

మన సంఘం వార్షిక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయవలసిందని పెద్దలు అడిగినప్పుడు, కోటల గురించి రాయాలా, నవాబుల గురించి రాయాలా అని కొంచెం ఆలోచనలో పడ్డాను. ఆ విషయాలు ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అవి చదివి మనం గర్వపడుతున్నాము, పుస్తకం మూసి పక్కన పెడుతున్నాము. అందువల్ల ఈసారి నేను రాజుల చేతిలోని వస్తువు గాక, మన పెద్దల చేతిలోని వస్తువు గురించి రాయదలిచాను. అది గొడ్డలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గొడ్డలి యొక్క కామ.

మా దాదా నిజామాబాద్ జిల్లాలో ఎడ్లబండ్ల పని చేసేవారు. చక్రాలు, ఇరుసులు, కాడి, అన్నీ ఆయన చేతి మీదుగానే తయారయ్యేవి. ట్రాక్టర్లు వచ్చిన తరువాత బండ్ల పని తగ్గిపోయింది. నేను ఐదో తరగతిలో ఉండగా అబ్బా గల్ఫ్ ప్రయాణానికి డబ్బు చాలక, దాదా సామాను పెట్టెలోని ఉలులు, బాడిసలు, రంపాలు అన్నీ పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. ఆయనను తప్పు పట్టలేను, ఆ డబ్బుతోనే మా ఇల్లు నిలబడింది. అమ్మీ కట్టెలు కొట్టుకోవడానికి ఉంచుకున్న గొడ్డలి ఒక్కటే మిగిలింది. గ్యాసు పొయ్యి వచ్చాక అదీ మూలకు పడింది. కామను చెదలు తిన్నాయి, ఇనుము మాత్రం మిగిలింది.

ఇనుము మిగలడం, కట్టె పోవడం మా ఇంటి సంగతి మాత్రమే కాదు. పనిముట్ల చరిత్ర అంతా ఇంతే.

కామ లేని చరిత్ర

మ్యూజియములో మీరు రాతి గొడ్డళ్లు చూసే ఉంటారు. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూదిదిబ్బను 1957లో ఆల్చిన్ అనే ఆంగ్లేయ పండితుడు తవ్వించాడు. అక్కడి కొత్త రాతియుగపు మనుషులు పశువులు కాసుకుంటూ, నూరి నునుపు చేసిన రాతి గొడ్డళ్లు వాడేవారు. నేడు మనకు దొరికేది రాయి మాత్రమే. దానిని పట్టుకున్న కట్టె మట్టిలో కలిసిపోయింది. అందుకే పిల్లలు అద్దాల పెట్టెలో ఆ రాయిని చూసి, "సార్, దీన్ని చేత్తో పట్టుకొని కొట్టేవాళ్లా?" అని అడుగుతారు. సగం వస్తువును చూపి మొత్తం అనుకొమ్మంటే పిల్లలు మాత్రం ఏమి చేస్తారు!

కామతో సహా దొరికిన పాత గొడ్డలి ఒకటి లోకప్రసిద్ధమైనది. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు ఆల్ప్స్ కొండలలో మంచులో ఒక మనిషి శవం బయటపడింది. అతను సుమారు 5300 సంవత్సరాల కిందటివాడు. అతని పక్కన రాగి గొడ్డలి ఉన్నది. దాని కామ సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, యూ అనే చెట్టు కట్టె. కామ చివరను చీల్చి, అందులో రాగి బిళ్లను దూర్చి, చెట్టు జిగురు పూసి, పైన తోలు పట్టీతో బిగించి కట్టారు. మంచు వల్ల కట్టె కుళ్లలేదు కనుక ఈ సంగతి మనకు తెలిసింది.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆ రోజుల్లో కామకే చీలిక పెట్టి లోహాన్ని అందులో దూర్చేవారు. మన సింధు లోయ పట్టణాలలో దొరికిన రాగి గొడ్డళ్లు కూడా ఎక్కువగా కంత లేని చదును బిళ్లలే. అదే కాలంలో ఇరాక్ ప్రాంతపు పనివారు మాత్రం గొడ్డలికే కంత పెట్టి పోత పోసేవారు. అప్పటి నుండి సంగతి తలకిందులైంది. కట్టెలో లోహం దూరడం పోయి, లోహంలో కట్టె దూరడం వచ్చింది. చిన్న మార్పే, కాని దెబ్బకు కామ చీలిపోయే బాధ తగ్గింది.

ఇనుము వచ్చిన తరువాత కూడా మన దక్కనులో పాత పద్ధతి చాలాకాలం నడిచింది. నాగపూర్ దగ్గర మహుర్ఝరి మొదలైన చోట్ల రాకాసి గుళ్ల వంటి పెద్ద రాళ్ల సమాధులలో ఇనుప గొడ్డళ్లు దొరికాయి. వాటిలో కొన్నింటి చుట్టూ అడ్డంగా, ఏటవాలుగా ఇనుప పట్టీలు ఉన్నాయి. కామను బిగించి పట్టుకోవడానికి వేసిన పట్టీలు అవి. కామ పోయింది, పట్టీ మిగిలింది. కామ వదులైతే పని ఆగిపోతుందని రెండు వేల ఏండ్ల కిందటి కమ్మరికి కూడా తెలుసునన్న మాట!

మన జిల్లా ఉక్కు

ఇక మన నిజామాబాద్ జిల్లా సంగతి. కమ్మరపల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరు ఉన్నది. అక్కడ మట్టి మూసలలో ఇనుము కరిగించి ఉక్కు తయారు చేసేవారు. దానిని కొనడానికి ఇరాన్ దేశపు వర్తకులు ఇంత దూరం వచ్చేవారు. దమిష్క్ కత్తులని పేరు పడ్డ కత్తులకు ఇటువంటి దక్కను ఉక్కే మూలం. 1820ల్లో వాయ్సీ అనే ఆంగ్ల వైద్యుడు ఈ పని కళ్లారా చూసి వివరంగా రాశాడు. అతని రచన 1832లో కలకత్తాలో అచ్చయింది. లండన్‌లో ఫారడే వంటి శాస్త్రజ్ఞుడు కూడా ఆ కాలంలోనే మన ఉక్కు రహస్యం తెలుసుకోవడానికి ప్రయోగాలు చేశాడు.

అయితే ఆ కత్తి ఎంత గొప్పదైనా పిడి లేకుండా ఎవరూ పట్టుకోలేరు. కత్తికి వెనుక తోక ఉంటుంది. పిడిలో లక్క నింపి, వేడి చేసిన తోకను అందులో దింపేవారు. లక్క ఆరితే రాయి వలె పట్టుకుంటుంది. ఉలికి, ఆకురాయికి, కొడవలికి కూడా తోకే ఉంటుంది. గొడ్డలికి, పారకు, సుత్తికి కంత ఉంటుంది. ఈ రెండు జాతులు గుర్తు పెట్టుకుంటే ఏ పనిముట్టుకైనా పిడి వేసే పద్ధతి సులభంగా తెలుస్తుంది.

మాటల్లో దాగిన చెయ్యి

ఉర్దూ పంతులును కనుక ఒక్క మాట భాష గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఉర్దూలో పిడిని 'దస్తా' అంటాము. ఫారసీలో 'దస్త్' అంటే చెయ్యి. చేతిలో ఇమిడేది దస్తా. అదే మాట నుండి వచ్చినవి తెలుగువారి నోట ఎన్నో ఉన్నాయి. ఇరవై నాలుగు కాగితాల దస్తా, మన జేబులోని దస్తీ, రిజిస్ట్రీ ఆఫీసులోని దస్తావేజు, చివరకు దస్తకతు, అన్నీ ఆ చేతి సంతానమే. చేతిపని చేసేవాడు దస్త్‌కార్. దస్తకతు చేసేవాడిని గౌరవించి, దస్త్‌కార్‌ను చిన్నచూపు చూడడం మన కాలానికి పట్టిన జబ్బు. మాట మాత్రం ఇద్దరికీ ఒక్కటే!

నేను చేసిన పొరపాటు

రెండేళ్ల కింద మా చిన్నవాడు ఆ గొడ్డలిని మూలలో చూసి, "అబ్బా, ఇది దాదా అబ్బాదా? బాగు చేద్దామా?" అన్నాడు. నాకు హుషారు వచ్చింది. కంతలో ఇరుక్కున్న పాత కట్టె రావడం లేదని, గొడ్డలిని తీసుకుపోయి కట్టెల మంటలో వేశాను. కట్టె కాలింది, కంత ఖాళీ అయింది. బజారులో టేకు కర్ర కొని దిగ్గొట్టాను. మొదటి దెబ్బకే అంచు వంగిపోయింది. పదో దెబ్బకు కామ చీలింది. కొడుకు నా మొహం చూశాడు. నేను ఆకాశం చూశాను.

ఊరిలో మిగిలిన ఒక్క కమ్మరి తాత దగ్గరకు ఇద్దరం పోయాము. ఆయన గొడ్డలిని తిప్పి చూసి, "సారూ, పిల్లలకు చదువు చెప్తరు గని ఇనుమును పొయ్యిల వెడ్తరా? దాని పానం పోతది" అన్నాడు. అంటే కొలిమిలో కాల్చి, నీళ్లలో ముంచి తెచ్చిన గట్టిదనం మామూలు మంటలో పోతుందన్న మాట. మళ్లీ కాల్చి నీళ్లు పట్టించాడు. తరువాత వేలితో మీటి చూపించాడు, "ఇను, ఎట్ల పలుకుతుందో! మీ దాదా మంచి ఉక్కు వేయించిండు." ఆ మాట విని నా కొడుకు గొడ్డలిని నా చేతిలోంచి తీసుకొని తానే మోసుకొచ్చాడు.

కామ వేసే పద్ధతి

ఆ తాత, మా వాడ వడ్రంగి ఉస్తాద్ చెప్పినది, నేను చేసి చూసినది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పాత కట్టెను కాల్చకూడదు. బయట ఉన్నంత వరకు కోసి, మిగిలిన దానికి బర్మాతో రంధ్రాలు వేసి, ఉలితో తొలిచి, మొద్దు మేకుతో కొట్టి తీయాలి. తుప్పును కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఇటుక పొడితో, ఇనుప బ్రష్‌తో రుద్దితే పోతుంది.

కట్టె ఎంపిక అన్నిటికన్నా ముఖ్యం. టేకు తలుపుకు మంచిది గాని దెబ్బకు ఆగదు. గొడ్డలికి, సుత్తికి తుమ్మ మంచిది, చిరుమాను ఇంకా మంచిది. పాతవారు బండి ఇరుసుకు వాడిన కట్టె అదే, కాబట్టి అదురుకు ఓర్చుకుంటుంది. ముడి ఉండకూడదు. నార ఈ చివర నుండి ఆ చివరకు నేరుగా సాగాలి. రంపంతో కోసిన కర్ర కంటే చీల్చిన కర్ర మేలు. ఎందుకంటే చీలిక నార వెంబడి పోతుంది, రంపం నారను తెంపుతుంది. పచ్చి కట్టె అసలు పనికిరాదు. నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి. లేకుంటే తరువాత ఎండి, కుంచించుకుపోయి వదులవుతుంది.

బాడిసతో చెక్కి, ఆకురాయితో రుద్ది, గాజు పెంకుతో గీస్తే నునుపు వస్తుంది. పై చివరను కంతకు కొద్దిగా లావుగా ఉంచి, మధ్యలో రంపంతో గాటు పెట్టాలి. ఇప్పుడు అందరూ గొడ్డలి తల మీద కొడతారు. అలా కాదు. తలను కిందికి వేలాడదీసి, కామను పట్టుకొని, కామ రెండో చివర మీద కొయ్య సుత్తితో కొట్టాలి. తల బరువుకు కదలదు, కామ మాత్రం లోపలికి దిగుతూ పోతుంది. ఇది చూసి మా తొమ్మిదో తరగతి పిల్లలకు న్యూటన్ మొదటి సూత్రం ఒక్కసారికే అర్థమైంది. తరువాత గాటులో గట్టి కట్టె చీల కొట్టి, మిగిలింది కోసివేయాలి.

పారకు, పికాస్‌కు చీల అవసరం లేదు. వాటి కామ పై చివర లావు, కింది చివర సన్నం. ఇనుమును కింది నుండి ఎక్కిస్తే, కొట్టిన కొద్దీ తానే బిగుస్తుంది.

కామ వదులైతే మనవాళ్లు గొడ్డలిని నీళ్ల తొట్టిలో వేస్తారు. ఆ పూటకు బిగుస్తుంది. కాని ఉబ్బిన కట్టె ఇనుము మధ్య నలిగిపోయి, ఆరిన తరువాత మునుపటికంటే సన్నబడుతుంది. రేపు తల ఊడి ఎవరి మీద పడుతుందో తెలియదు. నీళ్లకు బదులు అవిసె నూనె పట్టించాలి. నూనె గుడ్డను ఉండ చుట్టి పడేయకుండా పరిచి ఆరవేయాలి, లేకుంటే తనంత తానే అంటుకునే ప్రమాదం ఉన్నది.

ఒక గొడ్డలి కథ

ఇంతవరకు రాసిన తరువాత, మనందరం చిన్నప్పుడు విన్న ఒక కథనం గుర్తు చేయక తప్పదు. హజ్రత్ అనస్ చెప్పినట్లుగా అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. దాని సనద్ మీద ముహద్దిసుల మధ్య చర్చ ఉన్నప్పటికీ, కథనం మాత్రం ప్రసిద్ధం. అన్సారులలో ఒక పేదవాడు ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వద్దకు వచ్చి చెయ్యి చాపాడు. ఇంట్లో ఏమున్నదని అడిగితే, ఒక దుప్పటి, ఒక చెక్క గిన్నె ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి వేలం వేస్తే రెండు దిర్హములు వచ్చాయి. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు, రెండో దానితో ఇనుము కొని తెమ్మన్నారు. అతను తెచ్చిన ఇనుముకు ప్రవక్త స్వయంగా తన చేతులతో కట్టె బిగించి ఇచ్చి, పోయి కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులు నాకు కనబడవద్దు అని పంపించారు. అతను పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చాడు.

ఈ కథనం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము. భిక్షం వద్దు, మెహనత్ చెయ్యండి అని అందరూ చెబుతారు. కాని కామ బిగించిన సంగతి దగ్గర ఎవరూ ఆగరు. బజారులో ఆ రోజుల్లో కూడా ఇనుము మాత్రమే అమ్మేవారు. కట్టె ఎవరో ఒకరు బిగించాలి. పేదవాడికి పని చేసుకో అని చెప్పడం వేరు, అతని చేతిలోని ఇనుముకు కామ వేసి ఇవ్వడం వేరు.

మన హైదరాబాద్‌లోనే 1897లో పుట్టి, తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు కూడా ఈ చేతిపనికే చదువులో పెద్దపీట వేశారు. 1937లో వార్ధా సభ తరువాత ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ, ప్రతి బడిలో ఒక చేతిపని చుట్టూ చదువు సాగాలని చెప్పింది. ఆ పద్ధతి మన బడులలో నిలవలేదు. మేము పిల్లలకు గొడ్డలి బొమ్మ చూపించి పేరు రాయిస్తున్నాము.

చివరి మాట

సోదర సోదరీమణులారా! మీ ఇళ్ల అటకల మీద, పెరటి మూలల్లో, మీ దాదాలు, నానాలు వాడిన ఇనుము ఇంకా ఉండే ఉంటుంది. తూకానికి వేస్తే రెండు పూటల చాయ్ ఖర్చు వస్తుంది. కామ వేస్తే ఇంకో ఇంటికి రోజీ వస్తుంది. మన సంఘం ఏడాదికి ఒక ఆదివారం ఈ పనికి కేటాయిస్తే బాగుంటుందని నా మనవి. పాత సామాను తెచ్చేవారు తెస్తారు, వడ్రంగి ఉస్తాదులు నేర్పుతారు, పిల్లలు చెక్కుతారు. బాగైన పనిముట్లు అవసరమైన పనివారికి చేరుతాయి. ఖర్చు కట్టెకు, నూనెకు మాత్రమే.

మా దాదా గొడ్డలి ఇప్పుడు మా పక్క వీధిలో కట్టెల పని చేసుకునే ఒకాయన దగ్గర ఉన్నది. ఇవ్వడానికి మా చిన్నవాడు మొదట ఒప్పుకోలేదు. తరువాత తానే తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. కామ కింది చివర తన పేరులోని మొదటి అక్షరం మేకుతో గీశాడట. కట్టె ఉన్నన్నాళ్లు ఆ అక్షరం ఉంటుంది. ఆ తరువాత ఇంకొకరు కొత్త కామ వేస్తారు, ఇన్షా అల్లాహ్.