మావళ్ళి ఫలహారశాల

సూర్యోదయవేళ ఇల్లు వెడలి, పదిమంది అపరిచితుల నడుమ కూర్చుండి, ఎవరు వండిరో యెట్లు వండిరో యెరుగని ఇడ్డెనలను ఆరగించి, కాఫీ త్రాగి, వెల చెల్లించి లేచిపోవుట నేడు దక్షిణదేశపు పట్టణములలో నిత్యకృత్యము. నూరేండ్ల క్రిందట ఆచారపరాయణులైన కుటుంబములలో ఈ పనికి సాహసించువారు అరుదు. సాహసించినవారును ఇంటిపెద్దలకు తెలియనీయకుండ చేసెడివారు. పరులచేతి పక్వాన్నమును స్వీకరించుటకు కులము, శాఖ, మడి, పంక్తి మొదలగు ఎన్నియో విచారణలు అడ్డుపడుచుండెను. అట్టి సమాజము మూడు నాలుగు తరములలో హోటలు ఫలహారమునకు ఎట్లు అలవడినది? తినువానికి వండువానియందు నమ్మకము ఏ యాధారమున కుదిరినది? ఈ ప్రశ్నలకు బెంగుళూరు నగరమున లాల్‌బాగు దారిలోనున్న మావళ్ళి టిఫిన్ రూమ్స్ చరిత్రయందు స్పష్టమైన సమాధానము లభించునని నా విశ్వాసము.

వెలకు అన్నము పెట్టుట మనకు క్రొత్త గాదు. ఓరుగంటి వీథులను వర్ణించిన క్రీడాభిరామమున ఒక రూకకు తృప్తిగా భోజనము దొరకు పూటకూటి యిల్లు కానవచ్చును. గురజాడవారి కన్యాశుల్కమునందలి పూటకూళ్ళమ్మ నెరుగని తెలుగు పాఠకుడుండడు. అయినను పూటకూటి యిల్లు బాటసారికి, వ్యాజ్యములకై పట్టణమునకు వచ్చినవానికి, ఒంటరియగు ఉద్యోగికి దిక్కైన చోటేగాని, ఇల్లును ఇల్లాలును గల గృహస్థు కోరి పోవు చోటు కాదు. ప్రాతఃకాలపు ఆకలికి ఎవరి యేర్పాటు వారికుండెను: రైతు చల్దియన్నము తిని పొలమునకు పోయెడివాడు, నిష్ఠాపరుడు జపము ముగియునంతదాక ఏమియు ముట్టడయ్యెను. ఈ వ్యవస్థను కదల్చినది కాఫీ. బాబా బుడన్ కొండలలో పండు ఆ గింజ పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున మధ్యతరగతి యిండ్లలో ప్రవేశించి, ఉదయమున ఏదో యొకటి పుచ్చుకొనవలెనను కోరికను పెంచి, దానితోపాటు తినుటకు ఫలహారమును, కూర్చుండి ముచ్చటించుటకు ఒక తావును అవసరము చేసెను.

ఆ తావును కల్పించినవారిలో దక్షిణ కన్నడ ప్రాంతపు బ్రాహ్మణులు అగ్రగణ్యులు. పదమూడవ శతాబ్దిలో మధ్వాచార్యులు ఉడుపిలో శ్రీకృష్ణుని ప్రతిష్ఠించినది మొదలు అష్టమఠముల పర్యవేక్షణమున జరుగుచువచ్చిన అన్నసంతర్పణములు, వందలాది జనులకు ఒకే రుచితో, ఒకే నియమముతో వండి వడ్డించు విద్యను ఆ ప్రాంతమున తరతరములుగా పోషించినవి. చాతుర్మాస్యవ్రతకాలమున కొన్ని కూరలును కొన్ని పప్పులును వర్జ్యములగుటచే, మిగిలినవానితోనే రుచిని సాధింపవలసిన అగత్యము వారి చేతికి నేర్పును, ఊహకు చురుకుదనమును సమకూర్చెనని నేను తలంతును. భూమి చాలని కుటుంబముల యువకులు ఈ విద్యయే మూలధనముగా చెన్నపట్టణమునకు, బొంబాయికి, బెంగుళూరికి తరలిపోయిరి. మన జిల్లాకేంద్రములలోను ‘ఉడిపి హోటలు’ అను పలక కనబడని ఊరు లేకపోయెను.

ఉడుపికి సమీపమునుండి బెంగుళూరికి చేరిన మయ్య సోదరులు అట్టివారే. పరమేశ్వర మయ్య, గణపయ్య మయ్య, యజ్ఞనారాయణ మయ్య యను వీరు మొదట సంపన్నుల గృహములలో వంటచేసి, 1924లో లాల్‌బాగు చెంత నొక చిన్న ఫలహారశాలను తెరచిరి. దానికి వారు పెట్టిన పేరు ‘బ్రాహ్మణ కాఫీ క్లబ్బు’. ఆనాడు ఇట్టి పేరు గల హోటళ్ళు దక్షిణదేశమంతట నుండెను. లోపల వండువాడెవరో తెలిపి శంకను తీర్చుటయే ఆ పలక ప్రయోజనము. నమ్మకమునకు జన్మమే ప్రమాణము. కొందరికి అభయమైన ఆ పలకయే వేరు కొందరికి మూసిన తలుపు. చాలచోట్ల బ్రాహ్మణులకు వేరుగదియు, ఇతరులకు వేరుగదియు నుండెడివి. దళితులకు గడపయే నిషిద్ధము. మన పెద్దలు ఆ కాలపు కాఫీరుచిని ముచ్చటగా తలచుకొనునపుడు ఆ గడప వెలుపల నిలిచినవారిని గూర్చియు తలచుకొనుట న్యాయము. చెన్నరాజధానిలోని రైల్వే ఫలహారశాలలలో ఈ పంక్తిభేదము 1941లో ద్రావిడోద్యమము చేసిన ఆందోళనమువలన తొలగెను. 1950లో అమలునకు వచ్చిన భారతరాజ్యాంగము తన 15వ అధికరణమున భోజనశాలలను పేర్కొని మరీ అట్టి నిరోధమును నిషేధించెను. 1955నాటి చట్టము దానిని దండనార్హమైన నేరముగా చేసెను.

జన్మప్రమాణము సడలుచున్న ఆ దశాబ్దమందే మయ్యల ఫలహారశాల మరియొక ప్రమాణమును వెదకికొన్నది. 1951లో యజ్ఞనారాయణ మయ్య ఐరోపాకు పోయి, అక్కడి భోజనశాలలు నడచు విధమును పరిశీలించెను. ఆయన తిరిగివచ్చుచు వంటకములను తేలేదు, పరిశుభ్రతను తెచ్చెను. పాత్రలను ఆవిరితో శుద్ధిచేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆరోగ్యమును గూర్చియు, నలుగురిలో భుజించునపుడు పాటింపవలసిన మర్యాదను గూర్చియు చిన్న పుస్తకములను అచ్చువేయించి అతిథులకు పంచిపెట్టెను. వంటశాలను అతిథులు కన్నులార చూచుటకు వీలు కల్పించెను. ఈ చివరి పని నా దృష్టిలో అత్యంత ప్రధానమైనది. మన సంప్రదాయమున వంటయిల్లు అన్యుల దృష్టి సోకరాని గర్భగుడి. మడి యనగా పరులనుండి మరుగు. ఆ మరుగును తొలగించి, ‘రండు, చూడుడు, మీకు తృప్తియైననే తినుడు’ అని నోరు తెరువకయే పలికిన ఆ వంటవాడు నమ్మకమును వంశవృక్షమునుండి తప్పించి కంటియెదుట నిలిపెను. 1960లో ఫలహారశాల ఇప్పటి భవనమునకు మారినపుడు పేరును మారెను. కులవాచకము పోయి, ఆ పేట పేరగు మావళ్ళి నిలిచెను.

ఈ కథలో రవ్వ ఇడ్లీకి ప్రత్యేకస్థానము కలదు. ఇడ్డెన యెన్నడును మారని పురాతన వంటకమని మనము భావింతుము. కాని క్రీ.శ. 920 ప్రాంతమున వెలువడిన వడ్డారాధనె యను కన్నడ గ్రంథమున ‘ఇడ్డలిగె’ పేరు కనబడుచుండగా, తరువాతి శతాబ్దులనాటి లోకోపకార, మానసోల్లాస గ్రంథములు వర్ణించిన ఆ వంటకమున మినుములేగాని బియ్యము లేవు. బియ్యము తరువాత వచ్చి చేరి, పిండిని రాత్రియంతయు పులియబెట్టు పద్ధతి స్థిరపడి, మనమెరిగిన ఇడ్డెన యేర్పడెను. రెండవ ప్రపంచయుద్ధమున 1942లో జపానువారు బర్మాను ఆక్రమింపగా అచ్చటినుండి వచ్చు బియ్యము ఆగిపోయెను. దక్షిణదేశమున కరవును, రేషనును దాపురించినవి. బియ్యము లేని ఇడ్లీ యెట్లు? మయ్యల వంటశాలలో గోధుమరవ్వను నేతిలో వేయించి, పెరుగుతో కలిపి, ఆవాలు, జీడిపప్పు, కొత్తిమీర చేర్చి, పులియబెట్టు పనిలేకయే ఆవిరిపై ఉడికించిరి. కొరతతీర్చుటకై పుట్టిన ఆ వంటకము యుద్ధము ముగిసి బియ్యము తిరిగి వచ్చిన పిదపను నిలిచినది. నేడు దక్షిణదేశపు హోటళ్ళలో అది సుపరిచితము. చాతుర్మాస్యనిషేధములనుండి రుచిని పుట్టించిన ఆ పాత చేతివాటమే ఇచ్చటను పనిచేసినదని నాకు తోచును.

ఆ రవ్వ ఇడ్లీని అక్కడ వడ్డించు తీరు చూడదగినది. ఇడ్లీతో ‘సాగు’ అను బంగాళాదుంపల కూర, పచ్చడి, వేరుగా చిన్నగిన్నెలో కరగిన నెయ్యి వచ్చును. మసాలదోసెకును ఆ నేతిగిన్నె తప్పదు. కాఫీ వెండిగ్లాసులలో నిత్తురు. సెలవుదినములలో ఉదయముననే జనము క్రిక్కిరిసి, పేరు వ్రాయించుకొని, పిలుపు వచ్చునందాక వేచియుందురు; పిలిచినప్పుడు ఖాళీయున్న చోట, ఎవరి కుటుంబమునకు ఎదురుగానో కూర్చుండవలసినదే. ప్రక్కవానిది ఏ కులమో, ఏ యూరో అడుగువాడు లేడు. నూరేండ్లనాటి పంక్తిని ఎరిగినవారికి ఈ బల్ల యెంత దూరము నడచివచ్చినదో తెలియును.

తెలుగువారికి ఆ శాలతో ఒక ముచ్చటైన బంధముకూడ కలదు. పిండిని పొరలుగా మడిచి వేయించి, చిక్కని తీపిపాలు పోసి యిచ్చు మిఠాయి నొకదానిని మొదట ‘ఫ్రెంచి స్వీటు’ అని పేరుపెట్టగా కొనువారు లేరట. 1954లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున వచ్చిన విజయావారి ‘చంద్రహారము’ ఆ సమీపపు ప్రదర్శనశాలలో ఆడుచుండగా ఆ పేరే మిఠాయికి పెట్టిరని, అంతట అది జనాదరణమును పొందెనని చెప్పుదురు.

ఆ శాలకు తీవ్రమైన పరీక్ష అత్యయికస్థితి కాలమున వచ్చెను. 1975 తరువాత హోటలు పదార్థముల ధరలను ప్రభుత్వము మిక్కిలి తగ్గించి నిర్ణయించెను. ఆ ధరకు నెయ్యిని తగ్గించి వండుట యొక మార్గము. పలువురు ఆ మార్గమును త్రొక్కిరి. మయ్యలు సరకును తగ్గింప నొల్లక, నష్టమును కొంతకాలము భరించి, తుదకు తలుపులు మూసిరి. పనివారిని వీథిపాలు చేయక, రవ్వ ఇడ్లీ మొదలగువాని పిండిమిశ్రమములను పొట్లములుగా కట్టి అమ్మజొచ్చిరి. ప్రభుత్వపు ఆజ్ఞను ధిక్కరింపక, తమ వంటను దిగజార్పక వారు చూపిన ఆ నిగ్రహమును నేను మిక్కిలి గౌరవింతును. ఆ పొట్లములే కాలక్రమమున పెద్ద పరిశ్రమగా పెరిగి, సముద్రములకావలి తెలుగువారి వంటయిండ్లకును చేరినవి. 2007లో ఆ పరిశ్రమను నార్వే దేశపు ఓర్క్లా సంస్థ కొనెను. ఎనుబదులలో తిరిగి తెరచిన ఫలహారశాల మాత్రము మయ్యల వంశీయుల చేతనే నిలిచెను.

ఈ విభజనము సముచితమని నా యభిప్రాయము. పొట్లము కొనువాడు ముద్రిత నామమును నమ్మును. శాలలో తినువాడు తాను చూచినదానిని నమ్మును. యజ్ఞనారాయణ మయ్య సంపాదించిన నమ్మకము ఈ రెండవది. బెంగుళూరికి పోవు తెలుగువారు లాల్‌బాగు వృక్షములను చూచి వెనుదిరుగక, వేకువనే ఆ శాలకును పోవలెను. చంద్రహారము కోరువారు ఆదివారమున పోవలెను, సోమవారము శాలకు సెలవు.