ఇంటి ప్లానునకు అనుమతి: పూర్వచరిత్ర

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత అందరును ఎరిగినదే. ఆ సామెత పుట్టిన కాలమున ఇల్లు కట్టువాని చింతలు సున్నము, కలప, తాపీపని, అప్పునకు వడ్డీ. నేటివానికి మరియొక చింత చేరినది. పునాది త్రవ్వకమునుపే ప్లాను గీయించి, దస్తావేజుల నకళ్ళు జతపరచి, పురపాలక సంఘమునకు దరఖాస్తు పెట్టుకొని, అనుమతిపత్రము చేతికి వచ్చువరకు వేచియుండవలెను. సొంత సొమ్ముతో, సొంత స్థలమున, సొంత ఇల్లు కట్టుకొనుటకు మరియొకరి సెలవు ఎందుకని ఒక్కమారైనను అడుగని గృహస్థుడు అరుదు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చట్టపుస్తకములలోకంటె చరిత్రయందు స్పష్టముగ కానవచ్చును గనుక, ఆ చరిత్రలోని కొన్ని ఘట్టములను పాఠకులకు మనవి చేయదలచితిమి.

మొదట మన దేశపు ప్రాచీన గ్రంథమునే చూతము. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున వాస్తువును గూర్చిన ప్రకరణము కలదు. అచ్చట వాస్తువనగా దిక్కులను, ద్వారములను లెక్కించు శాస్త్రము కాదు. ఇల్లు, పొలము, తోట, కట్ట, చెరువు, ఇవన్నియు వాస్తువులే. ఇంటి మురుగు పొరుగువాని గోడకు ఎంత ఎడముగ పోవలెను, రెండిండ్ల నడుమ ఎంత సందు విడువవలెను, వెలుతురుకై కిటికీ ఎచ్చట నుంచవలెను అను విషయములు అందు వివరింపబడినవి. తప్పినవారికి దండుగ విధింపబడినది. ఇరుగుపొరుగువారు తమలో తాము ఒడంబడిక చేసికొన్నచో ఇచ్చవచ్చినట్లు కట్టుకొనవచ్చుననియు, అయినను ఒకరివలన ఒకరికి కీడు కలుగరాదనియు కూడ చెప్పబడినది. అనగా ఇంటి కట్టడపు నియమమునకు మూలము రాజుగారి అధికారము కాదు, పొరుగువాని హక్కు. ఈ మాట మనము జ్ఞాపకముంచుకొనవలసినది.

ఇట్టి భావమే లండను నగరమునందును కనబడుచున్నది. 1189వ సంవత్సరమునాటిదని చెప్పబడు కట్టడి ఒకటి ఆ నగరమునకు కలదు. ఇరువురు పొరుగువారు కలిసి రాతిగోడ కట్టదలచినచో, ఒక్కొక్కడు ఒకటిన్నర అడుగు స్థలము విడిచి, మూడడుగుల మందమున, పదునారడుగుల ఎత్తున గోడ లేపవలెనని దాని శాసనము. ఒక ఇంట పుట్టిన నిప్పు ప్రక్క ఇంటికి ప్రాకకుండుటకు ఉమ్మడి రాతిగోడ అడ్డు. అయితే రాతికి ఖర్చు హెచ్చు, కొయ్యకు తక్కువ. కాలక్రమమున జనము పెరిగి, వీధులు ఇరుకై, కొయ్య ఇండ్లే నగరమునిండ నిలిచినవి. నియమము పుస్తకమున నుండెను, నగరము వేరొక త్రోవను పెరిగెను.

దాని ఫలితము 1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన తెలియవచ్చెను. పుడ్డింగ్ లేన్ అను సందున ఒక రొట్టెలవాని అంగడిలో పుట్టిన అగ్ని నాలుగు దినములు మండి, సుమారు 13,200 ఇండ్లను, 87 చర్చీలను భస్మము గావించెను. మరుసటి సంవత్సరమున పార్లమెంటు పునర్నిర్మాణ చట్టమును చేసెను. ఇక ఇండ్లు ఇటుకతో గాని రాతితో గాని కట్టవలెను. ఇండ్లను నాలుగు తరగతులుగ విభజించి, ఏ తరగతి వీధిలో ఎన్ని అంతస్తులుండవలెనో, గోడల మందమెంతయో నిర్ణయించిరి. కొలతలు వేయుటకు సర్వేయర్లను నియమించిరి. వారిలో నొకరు రాబర్ట్ హుక్. సూక్ష్మదర్శినితో బెరడును పరీక్షించి, జీవకణమునకు “సెల్” అను పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడు ఆయనయే.

ఆనాటి పద్ధతి వినదగినది. ఇల్లు కట్టదలచినవాడు నగర కార్యాలయమునకు పోయి 6 షిల్లింగుల 8 పెన్నీలు చెల్లించి రసీదు పొందును. ఆ రసీదును సర్వేయరునకు చూపగా, ఆయన స్థలమునకు వచ్చి, పునాది హద్దులను గూటములు పాతి గుర్తించి, ధ్రువపత్రము వ్రాసి ఇచ్చును. రుసుము, రసీదు, కొలత, పత్రము: నేటి మన దరఖాస్తునకు గల నాలుగు అంగములును అందే కలవు. కాలిపోయిన నగరమున ఆ పత్రమును విసుగుకొనినవారు కొందరుండవచ్చును గాని, అది యెందుకని అడుగవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు. బూడిద ఇంకను కన్నులయెదుటనే ఉండెను.

మన దేశమున ఈ పాఠమును నేర్పినది అగ్నికంటె అధికముగ రోగము. 1896లో బొంబాయి నగరమున ప్లేగు వ్యాపించెను. గాలి, వెలుతురు చొరని చాళ్ళలో, ఒక్కొక్క గదిలో పలువురు నివసించు పేటలలో చావులు మెండుగ జరిగినవి. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడెను. గదిలోనికి ఆకాశపు వెలుతురు సూటిగ పడవలెనన్నచో ఎదుటి కట్టడము ఎంత దూరమున నుండవలెనను లెక్కను వారు వేసి, 63½ డిగ్రీల కోణమును ప్రమాణముగ గైకొనిరి. సామాన్యుని భాషలో చెప్పవలెనన్న, కట్టడము ఎంత ఎత్తో అందులో సగము ఖాళీ స్థలము దానియెదుట ఉండవలెను. ప్రహరీకిని ఇంటికిని నడుమ ఇన్ని అడుగులు విడువుమని నేడు మన ప్లానులపై వ్రాయు అంకెల వెనుక ఇట్టి లెక్కయే కలదు. అయితే ఆ ట్రస్టు పేదల ఇండ్లను తొలగించినంత వేగముగ వారికి క్రొత్త ఇండ్లు కట్టలేదన్న విమర్శయు చరిత్రలో నిలిచినది. గాలి, వెలుతురు అందరికిని అవసరమే. వాని వెల చెల్లించినవారు మాత్రము అన్నివేళల ఒక్కరే.

తెలుగుదేశమున ఈ చరిత్రకు నీరు సాక్షి. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. మృతులు 15,000 వరకు నుందురని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు నెక్కి 150 మందికి పైగ ప్రాణములు దక్కించుకొనిరని నేటికిని చెప్పుకొందురు. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పిలువబడిరి. ఎగువను నీటిని నిలుపుటకు ఆయన చేసిన సూచనలననుసరించి ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు పేటలను సవరించి, వీధులను వెడల్పు చేసి, ఇండ్లు కట్టించెను. ఇల్లెట్లు కట్టవలెనను ప్రశ్నకు ఇల్లెచ్చట కట్టరాదను ప్రశ్న అప్పుడు తోడయ్యెను.

సర్కారు, రాయలసీమ జిల్లాల పట్టణములలో అనుమతికి ఆధారమైనది 1920లో చేయబడిన మద్రాసు జిల్లా పురపాలక సంఘముల చట్టము. ఇల్లు కట్టువాడు స్థలపు ప్లానును, ఇంటి ప్లానును, పని వివరములను దరఖాస్తుతో దాఖలు చేయవలెనని అది విధించెను. గడ్డి, ఆకులు, చాపలు మొదలైన నిప్పంటుకొను వస్తువులతో బయటి కప్పులు, గోడలు వేయుటకు వ్రాతమూలకమైన అనుమతి కావలెననియు చెప్పెను. ఆ చట్టమున మిక్కిలి మెచ్చదగిన నిబంధన మరియొకటి కలదు. కార్యనిర్వాహకాధికారి గడువులోపల అవునని గాని కాదని గాని చెప్పనియెడల, దరఖాస్తుదారుడు వ్రాసి కోరినచో సంఘము నిర్ణయము చేయవలెను. సంఘము కూడ ఒక నెలలోపల నోరు మెదపనిచో అనుమతి ఇచ్చినట్లే భావింపబడును. అయినను చట్టమును, ఉపవిధులను మీరి కట్టుటకు మాత్రము వీలులేదు. కాగితమును కదలనీయని కార్యాలయమునుండి పౌరుని కాపాడుటకును, కార్యాలయపు మౌనమును సాకుగ చేసికొను పౌరునినుండి పొరుగువానిని కాపాడుటకును ఒకే నిబంధన చాలినది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమేర్పడిన పిమ్మట 1965లో క్రొత్త పురపాలక చట్టము వచ్చెను. 1970లో జాతీయ భవననిర్మాణ స్మృతి మొదటిసారి ప్రకటింపబడెను. 2012 నాటి రాష్ట్ర నియమములు స్థలపు విస్తీర్ణమును, వీధి వెడల్పును బట్టి ఇంటి ఎత్తును, విడువవలసిన ఖాళీని నిర్ణయించినవి. చిన్న ఇండ్లను మినహాయించి, తక్కిన కట్టడములలో పదియవ వంతును హామీగ పురపాలక సంఘమునకు ఒప్పగించి, పని ప్లాను ప్రకారము ముగిసిన తరువాత విడిపించుకొను ఏర్పాటును కూడ చేసినవి.

ఇన్ని నియమములుండియు అతిక్రమణములు ఆగలేదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లోను, 2015లో తెలంగాణమునందును అక్రమ కట్టడములను రుసుముపై క్రమబద్ధము చేయు పథకములు ప్రకటింపబడినవి. ఇల్లు కూల్చిన కుటుంబము వీధిని పడునన్న దయ అందు కలదు, ఖజానాకు రాబడియు కలదు. కాని ప్లాను ప్రకారము జాగా విడిచి కట్టినవాడు ఏమి నేర్చుకొనును? చెల్లించిన రుసుము ఖజానాకు చేరును గాని, మూయబడిన కిటికీకి వెలుతురు తిరిగి రాదు.

2020లో తెలంగాణ ప్రభుత్వము వేరొక మార్గము త్రొక్కెను. 75 చదరపు గజములలోపు స్థలమున, 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకొను ఇంటికి అనుమతి అక్కరలేదు, ఒక రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలునని చట్టము చేసెను. 500 చదరపు మీటర్ల స్థలమువరకు, 10 మీటర్ల ఎత్తువరకు దరఖాస్తుదారుని ప్రమాణమునే నమ్మి వెంటనే అనుమతి ఇచ్చు ఏర్పాటు గావించెను. పెద్ద కట్టడములకు 21 దినముల గడువు పెట్టెను. చెప్పినది అసత్యమైనచో నోటీసు లేకుండనే కూల్చు అధికారమును చట్టమున చేర్చెను. అధికారి పరిశీలన స్థానమున పౌరుని మాట నిలిచెను. ఆ విధానము ప్రారంభమైనది ఆ సంవత్సరము నవంబరు మాసమున. దానికి ఒక నెల ముందు, అక్టోబరు మధ్యలో, కుండపోత వర్షములకు చెరువులు పొంగి హైదరాబాదు కాలనీలు పెక్కు నీట మునిగినవి. 1908 నాటి పాఠము చదివినవారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఇది. ప్లానుమీది ప్రతి గీతకును వెనుక ఒక ఆపద కలదు. గోడ మందము అగ్ని నేర్పినది, కిటికీ వెడల్పు రోగము నేర్పినది, కట్టరాని పల్లము వరద నేర్పినది. ఆపద మరుగుపడినకొలది గీత మిగులును, అర్థము పోవును. అప్పుడు కార్యాలయమునకు అది ఆలస్యము చేయుటకు సాధనమగును, గృహస్థునకు తప్పించుకొనవలసిన తంటా యగును. నష్టపడునది ఈ ఇరువురిలో ఎవరును కారు. ప్రక్క ఇంటి గదిలోని వృద్ధుడు, దిగువ వీధిలోని పిల్లలు. దరఖాస్తులో వారి పేర్లు ఉండవు, సంతకములుండవు. అనుమతి అడుగవలసినది నిజమునకు వారిని. వారి పక్షమున పురపాలక సంఘము దానిని ఇచ్చుచున్నది. కనుక గడువులోపల న్యాయముగ ఉత్తరమిచ్చుట కార్యాలయపు విధి. గీసిన గీతను దాటక కట్టుట మన విధి.