‘వచ్చినాడు’ తప్పెట్లయింది?



మన భాషలో ‘మామూలు’కు రెండు అర్థాలు. అందరూ ఒప్పుకుని నడుచుకునేది మామూలు. ఆఫీసులో బల్ల కింద ఇచ్చేదీ మామూలే. ఇచ్చీ ఇచ్చీ అలవాటైనాక లంచానికి కూడా ఆ పేరే వచ్చింది. అంటే ఏది మామూలో తేల్చేది న్యాయం కాదు, చలామణి. చలామణి ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మామూలు. ఈ భాగంలో ఆ సంగతిని మన నోటి మాట దగ్గర చూద్దాం.

నేను డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. కర్నూలు, కడప పల్లెల నుంచి వచ్చే పిల్లలు ‘వచ్చినాడు, చేసినాము, చెప్పినారు’ అని రాస్తారు. బడిలో వాటి మీద ‘వచ్చాడు, చేశాము, చెప్పారు’ అని ఎర్రసిరా పడుతుంది. రాస్తే ఎర్రసిరా, మాట్లాడితే నవ్వు. కొన్నాళ్లకు ఆ పిల్లోడు క్లాసులో నోరు తెరవడమే మానేస్తాడు. అప్పుడు ‘వీనికి సబ్జెక్టు రాదు’ అంటారు. తొలితరం చదువుకు వచ్చిన మాల, మాదిగ పిల్లల్లో ఈ మౌనాన్ని నేను ఏటా చూస్తున్నాను.

ఇంతకీ తప్పు ఏ రూపానిది? ‘వచ్చినవాడు’ నుంచి ‘వచ్చినాడు’, దాన్ని ఇంకా కుదిస్తే ‘వచ్చాడు’. ఈ మూడింట్లో పాతదానికి దగ్గర మనదే. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టినప్పుడు జయంతి రామయ్య పంతులు వంటి పండితులు ‘వచ్చాడు, చేశాడు’ లాంటి వాడుక రూపాలను గ్రామ్యమని తోసేసినారు. అటువైపు గిడుగు రామమూర్తి నిలబడి, జనం వాడే తెలుగులో పిల్లలకు చదువు చెప్పాలని వాదించినాడు. అప్పటి గ్రామ్యం ఈనాడు ప్రామాణికం. గ్రాంథికానికి దగ్గరి చుట్టమైన ‘వచ్చినాడు’ ఈనాడు యాస. నూరేండ్లలో తప్పు, ఒప్పు కుర్చీలు మార్చుకున్నాయి. మాటలోని శబ్దం మారలేదు, కుర్చీలో కూర్చునేవాళ్లు మారినారు.

గిడుగు మీద నాకు గౌరవం ఉంది. సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు పెట్టించిన మనిషి. కానీ ఆయన గెలిపించిన దాని పేరు ‘శిష్ట’ వ్యావహారికం. ఆ మాటను విడదీసి చూడండి. వ్యావహారికం అంటే వాడుక. శిష్టులు అంటే ఎవరు? చదువుకున్నవాళ్లు. ఆ రోజుల్లో చదువు ఎవరికి అందింది? మన వాడల వరకు వచ్చిందా? ‘గ్రామ్యం’ అనే మాటా అంతే. గ్రామానికి చెందినది అని దాని అర్థం. ఒకటి మనుషుల పేరు, ఇంకొకటి చోటు పేరు. రెండింట్లో వ్యాకరణం ఏదీ లేదు. ఊరి మాటే గ్రామ్యమైతే, ఊరి బయటి వాడ మాటకు పేరు కూడా లేదు.

ఆ తర్వాత పని అచ్చుయంత్రం చేసింది. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు. అయినా పత్రికల ఊరు బెజవాడే. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో అక్కడే మొదలైనాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న కులాల మాట రోజూ అచ్చులో కనపడి, అందరి తెలుగు అయిపోయింది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విడదీసినప్పుడు మనది దక్షిణ మండలం, వాళ్లది మధ్య మండలం. శాస్త్రానికి అది దిక్కు చెప్పే మాటే. బతుకులో మాత్రం మధ్యన ఉన్నవాళ్లదే భాష, అంచున ఉన్నవాళ్లది యాస.

‘అయితే సీమ యాసకు గౌరవం తెద్దాం’ అంటారు కొందరు. కడప జిల్లా కలమళ్లలో క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం ఉందని గుర్తు చేస్తారు. మంచిదే. కానీ అది ఒక రాజు వేయించిన రాయి. సీమలో కూడా ఒకే మాటకు రెండు ధరలు ఉన్నాయి. పెద్దింటాయన ‘యాడికి పోతాండావురా’ అంటే పౌరుషం, సినిమాలో ఈలలు. అదే ‘యాడికి’ మాదిగ పిల్లోడు ఉద్యోగం ఇంటర్వ్యూలో అంటే మొరటుతనం. యాసకు కూడా కులం ఉంది.

ఇంజన్లు రాకముందు ఈ మెట్టసీమ బావుల్లో నీళ్లు పైకి తోడింది కపిల. దాని తోలు బానను, తొండాన్ని తయారు చేసింది మాదిగలు. లందలో తోలు నానేసి, తంగేడు చెక్కతో పదును చేసి, ఆరెతో కుట్టినారు. ఆ నీళ్లతో పండిన పంట మీద పాటలు పాఠాల్లో ఉన్నాయి. లంద, ఆరె అనే మాటలు నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ కనపడలేదు. సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం వేసింది, మొదటి సంపుటం వ్యవసాయం. 1971లో చేనేత. పని చేసేవాళ్ల నోట్లో ఎంత తెలుగు ఉందో అవి చూపించినాయి.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో, పేద నల్లజాతి పిల్లల ఇంటి మాటను బడి పట్టించుకోక, వాళ్లను నేర్చుకోవడంలో లోపం ఉన్నవాళ్ల లెక్కలో వేస్తుంటే తల్లులు కోర్టుకు పోయినారు. 1979లో జడ్జి, పిల్లల ఇంటి భాషను టీచర్లు గుర్తించి, ఆ ఎరుకతో చదవడం నేర్పేలా బడి చూడాలని తీర్పు ఇచ్చినాడు. ఆ తీర్పులో నాకు నచ్చింది ఇదే: మారాల్సింది పిల్లోడు కాదు, బడి.

ఉద్యోగానికి, పరీక్షకు పనికొచ్చే తెలుగు నేర్చుకోండి. నేనూ నేర్పుతాను. అది ఒక పనిముట్టు. పనిముట్టును పట్టుకోవాలి, దాని ముందు తల వంచకూడదు. టీచర్లుగా ఉన్న మిత్రులకు ఒక్క మాట: ఎర్రసిరా పెట్టే ముందు, అక్కడ అర్థం చెడిందా, లేక అలవాటు మాత్రమే అడ్డొచ్చిందా అని చూడండి. అర్థం చెడకపోతే పెన్ను మూయండి. ఈ సిరీస్‌లో నేను ‘వచ్చినాడు’ అనే రాస్తున్నాను, రాస్తాను.

మీ ఇంట్లో, మీ వాడలో మాత్రమే వినపడే పనిమాటలు ఉంటే కింద రాయండి. అవ్వలను, తాతలను అడిగి రాయండి. వాళ్లు పోతే ఆ మాటలూ పోతాయి.

జై భీమ్.