బరంపురంలో పొడిచిన వేగుచుక్క

న్యూయార్క్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1926 ఏప్రిల్‌లో అమేజింగ్ స్టోరీస్ పత్రిక తెచ్చాడు. సైన్స్ ఫిక్షన్‌కే అంకితమైన తొలి పత్రిక అది. ఆ రచనలకు సంపాదకుడనేవాడు ఒకడుండాలన్న ఆలోచన అక్కడే స్థిరపడింది. తెలుగులో అలాంటి సంపాదకుల కథ చెప్పాలంటే మద్రాసు కన్నా ముందు గంజాం జిల్లాకు వెళ్లాలని నా అభిప్రాయం.

ఊహకు పగ్గాలు వదిలే కథకు రెండు కావాలి: నలుగురికీ అర్థమయ్యే వచనం, సామాన్యుడు కొనుక్కోగల పుస్తకం. మొదటిదాని కోసం అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పోరాడారు. 1880లో అక్కడ ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చి నిఘంటువు కూర్చారు. జనం నోట ఉన్న మాటే భాష అన్న నమ్మకాన్ని అక్కణ్ణుంచే తెలుగు మీదికి తెచ్చారు. 1919లో ‘తెలుగు’ మాసపత్రిక పెట్టింది అందుకే.

రెండోది అదే జిల్లాలోని బరంపురంలో మొదలైంది. 1910 దశకం తొలినాళ్లలో అక్కడ వేగుచుక్క గ్రంథమాల వెలసింది. తెలుగులో తొలితరం అపరాధ పరిశోధక నవలల్లో ఒకటైన ‘వాడే వీడు’ రాసిన దేవరాజు వెంకటకృష్ణారావుది ఈ గ్రంథమాలే. పండితులు చిన్నచూపు చూసే కాలక్షేపపు నవలను వరుసగా అచ్చువేసి పాఠకుల చేతికివ్వడం అప్పట్లో చిన్న సాహసం కాదు.

బరంపురం ఇచ్చిన సంపాదకుల్లో పెద్దవాడు తాపీ ధర్మారావు. 1887 సెప్టెంబరు 19న అక్కడే పుట్టారు. పర్లాకిమిడిలో గిడుగువారి శిష్యుడు. కళ్లికోట రాజావారి కళాశాలలో లెక్కలు చెప్పారు. మొదట గ్రాంథికం వైపు ఉండి, తర్వాత వాడుక భాషకు గట్టి అండగా నిలిచారు. 1930లలో ‘జనవాణి’ పత్రికను నడుపుతూ సంపాదకీయాన్ని కూడా జనం మాటల్లోనే రాశారు. గంభీర విషయానికి గ్రాంథికం తప్పదన్న వాదనకు ఆ పత్రికే జవాబు. తర్వాత పేరుమోసిన సంపాదకుడైన నార్ల వెంకటేశ్వరరావు కూడా అందులో పనిచేసినవారే. 1936లో తాపీ ‘దేవాలయాలమీద బూతుబొమ్మలెందుకు?’ అన్నారు. అందరూ చూస్తూనే ఉన్నా ఎవరూ అడగని ప్రశ్నను పుస్తకం పేరుగానే పెట్టడం లెక్కల మాస్టారి బుద్ధి. ఆ కుతూహలం లేకుండా శాస్త్రమూ లేదు, శాస్త్ర కల్పనా లేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి అందులో చేరాయి. గిడుగువారు మనసు కష్టపెట్టుకుని రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. తెలుగు అచ్చుకు మద్రాసు పెద్ద కేంద్రంగా మిగిలింది. అక్కడే, 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా, కొడవటిగంటి కుటుంబరావు పిల్లల పత్రిక చందమామను తీర్చిదిద్దారు. భౌతికశాస్త్రం చదివిన ఆయన శాస్త్ర వ్యాసాలూ, శాస్త్ర కల్పనలూ రాశారు. పిల్లలకు సైతం తడబాటు లేకుండా సాగే ఆయన వచనానికి దారి వేసింది గంజాం మాస్టార్లే.

తాపీకి 1971లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1973లో కాలం చేశారు. బరంపురం తెలుగు ఇళ్లలో, పాత గ్రంథాలయాల్లో వేగుచుక్క గ్రంథమాల ప్రతులు ఎక్కడైనా మిగిలి ఉంటే దయచేసి చెదలకు వదలకండి. స్కాన్ చేయించి నలుగురికీ అందేలా చూడండి.