టెర్మినల్ పట్టిక పుట్టుపూర్వోత్తరములు

కొంతకాలము క్రిందట మా కళాశాల ప్రయోగశాలలో ఒక విద్యార్థి తన కంప్యూటరునుండి దూరముననున్న మరియొక కంప్యూటరులో ప్రవేశించి, అక్కడి ఎడిటరును తెరువబోయెను. ఎడిటరు తెరుచుకొనలేదు. 'ఎర్రర్ ఓపెనింగ్ టెర్మినల్' అను ఒక్క పంక్తియు, దాని ప్రక్కన అతని టెర్మినల్ పేరును మాత్రము కనబడినవి. "టెర్మినల్ తెరిచే ఉంది కదండీ, నేను టైపు చేస్తున్నది అందులోనే కదా?" అని అతడు నన్నడిగెను. ప్రశ్న సమంజసమైనదే. ఆ రెండవ కంప్యూటరులో ఒక పట్టిక కలదు. అందులో ఇతని టెర్మినల్ పేరు లేదు. అందుచేత ఆ తెరపై ఎట్లు వ్రాయవలెనో ఎడిటరునకు తెలియలేదు. కారణ మింతే. కాని ఆ పట్టిక ఎందుకు పుట్టినదో చెప్పుటకు ఆనాడు గంట చాలలేదు. ఆ కథయే ఇక్కడ వ్రాయుచున్నాను.

టెర్మినల్ అనగా మొదట ఒక యంత్రము. కంప్యూటరు ఒక గదిలో నుండెడిది. దానితో పనిచేయు మనుష్యుని ముందు మీటల పలకయు, అచ్చువేయు సాధనమును గల ఈ యంత్ర ముండెడిది. రెంటి నడుమ ఒక తీగ. 1963లో వచ్చిన టెలిటైప్ 33వ నమూనా ఇట్టివాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. తంతి కార్యాలయములలోని టెలిప్రింటరును ఎరిగినవారికి దీని రూపము వేరుగ చెప్పనక్కరలేదు. ఇది సెకనుకు పది అక్షరముల చొప్పున కాగితపు చుట్టపై అచ్చువేసెడిది. 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీలు యూనిక్స్ వ్యవస్థకు ఆరంభము చేసిన కాలమున వాడుకలో నున్నవి ఇట్టి యంత్రములే. నేటికిని యూనిక్స్ కుటుంబములో టెర్మినల్‌కు 'టీటీవై' అను పొట్టిపేరు నిలిచియున్నది. అది టెలిటైప్ అను పేరునుండి వచ్చినదే.

కాగితముపై పడిన అక్షరమును వెనుకకు తీసికొనలేము. పంక్తి మొదటికి వచ్చుట, తరువాతి పంక్తికి దిగుట, గంట మ్రోగించుట, ప్రోగ్రాము ఆజ్ఞాపింపగలిగినవి ఇంచుమించుగా ఇవియే. ఇవి అన్ని యంత్రములకును ఒక్కటే గనుక, "నీ వెట్టిదానవు?" అని టెర్మినల్‌ను అడుగవలసిన పనియే లేకుండెను.

1970 తరువాత కాగితమునకు బదులు గాజు తెర వచ్చినది. లియర్ సీగ్లర్ వారి ఏడీఎమ్-3ఏ 1976లో వెలువడినది. దాని తెరపై 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు పట్టును. తెరపైనున్న గురుతును, అనగా కర్సరును, ఏ గడిలోనికైన పంపవచ్చును. వ్రాసినదానిని చెరుపవచ్చును. అయితే కంప్యూటరునకును తెరకును నడుమ నున్నది పూర్వపు తీగయే. దానిపై అక్షరములు తప్ప మరేమియు నడువవు. కనుక తెరకు ఇచ్చు ఆజ్ఞను కూడ అక్షరముల రూపముననే పంపవలెను. "ఇక ముందు వచ్చునవి అచ్చునకు గాదు, ఆజ్ఞగా గ్రహింపుము" అని తెలుపుటకు 'ఎస్కేప్' అను 27వ సంఖ్యగల సంకేతమును ముందుగ పంపుట పరిపాటి.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని తయారుచేయు కంపెనీలు పెక్కు, ప్రతి కంపెనీకిని ఒక స్వంత భాష. ఒక ఉదాహరణము చూతము. కర్సరును ఆరవ పంక్తిలో పదునొకండవ గడికి పంపవలెననుకొందము. ఏడీఎమ్-3ఏ సున్నతో లెక్క మొదలిడును, కావున అవి 5, 10 అగును. ఒక్కొక్కదానికి 32 కలిపిన 37, 42 వచ్చును. ఆ సంఖ్యలుగల అక్షరములు శాతపు గురుతు, చుక్క గురుతు. ఎస్కేప్, సమాన చిహ్నము, ఆపై ఈ రెండు గురుతులు పంపినచో కర్సరు అక్కడికి చేరును. 32 ఎందుకు కలుపవలెనన్న, అంతకు తక్కువ సంఖ్యలన్నియు గంట మ్రోగించుట మొదలగు ఇతర ఆజ్ఞలకు చెందినవి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వీటీ52లో పద్ధతి యిదియే గాని, సమాన చిహ్నమునకు మారుగా 'వై' అక్షరము పంపవలెను. అదే కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100లో పద్ధతి వేరు. అచట ఎస్కేప్, చదరపు కుండలి, 6, అర్ధవిరామ చిహ్నము, 11, చివర 'హెచ్'. లెక్క ఒకటితో మొదలు, సంఖ్యలను మామూలు అంకెలలో వ్రాయుట. హేజెల్టైన్ 1500లో పంక్తికన్న ముందు గడి సంఖ్య చెప్పవలెను. పైగా ఆ యంత్రము ఆజ్ఞకు ముందుగ 'టిల్డే' అను వంకర గీతను వాడుకొనెను. అందుచేత టిల్డేను తెరపై చూపుట దానికి సాధ్యము కాకపోయెను.

మరియొక చిక్కు వేగమునకు సంబంధించినది. తెరను పూర్తిగా తుడుచుటకు వీటీ100కు సుమారు 50 మిల్లీసెకండ్లు విడుపు కావలెనని పట్టికలు వ్రాసినవి. సెకనుకు 9600 బిట్ల తీగపై ఆ లోపల 48 అక్షరములు వచ్చిపడును. అవి పోగొట్టుకొనకుండుటకు ఆ వ్యవధిలో శూన్య సంకేతములను పంపి కాలము గడుపవలెను. తీగ వేగము మారినచో శూన్యముల సంఖ్యయు మారును. ఇన్ని భేదములను ప్రతి ప్రోగ్రాములోను వ్రాయుట ఎవరితరము? ఒక్క టెర్మినల్‌కే వ్రాసి ఊరకున్నచో, మరియొక టెర్మినల్ కొన్నవానికి ఆ ప్రోగ్రాము వ్యర్థము.

ఈ చిక్కును విడదీసినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బర్క్‌లీలో పట్టపరిశోధకుడుగా నున్న బిల్ జాయ్. అతడు 'వీఐ' అను ఎడిటరును వ్రాయుచుండెను. పూర్వపు ఎడిటర్లు ఒక్కొక్క పంక్తిని అడిగి చూపెడివి. ఇది తెరనిండ గ్రంథమును చూపి, దిద్దినచోటనే దిద్దుబాటును కనబరచును. అతని యింట నున్నది ఏడీఎమ్-3ఏ టెర్మినల్, సెకనుకు 300 బిట్ల టెలిఫోను సంబంధము. అనగా సెకనుకు 30 అక్షరములు. పాఠకులు లెక్క వేసికొనవచ్చును: 24ను 80తో హెచ్చించిన 1,920 గడులు. తెర నొక్కసారి పూర్తిగా నింపుటకు 64 సెకండ్లు. ఒక్క అక్షరము దిద్దినపుడెల్ల నిమిషము పైన వేచియుండువా డెవడు? కావున మారిన గడులను మాత్రమే మార్చుట, కర్సరును అతి తక్కువ అక్షరములతో అక్కడికి చేర్చుట అతనికి తప్పనిసరి యయ్యెను. ఇందుకు ఆ టెర్మినల్ ఏమి చేయగలదో ముందుగ తెలియవలెను. వీఐలో కర్సరును నడుపుటకు 'హెచ్, జె, కె, ఎల్' మీటలను వాడుటకు కారణము కూడ ఆ టెర్మినలే. దాని మీటలపై బాణపు గురుతు లుండెడివి.

1978లో జాయ్ ఈ వివరముల నన్నిటిని ప్రోగ్రామునుండి వేరుచేసి 'టెర్మ్‌క్యాప్' అను ఫైలులో పెట్టెను. అనగా టెర్మినల్ శక్తుల జాబితా. 1979లో బర్క్‌లీవారు పంచిపెట్టిన రెండవ సంపుటముతో ఇది బయటివారికి చేరినది. ఇందులో ఒక్కొక్క టెర్మినల్‌కు ఒక్కొక్క పేరా. శక్తులు మూడు తెగలు. కలదు, లేదు అని చెప్పదగినవి కొన్ని. గడుల సంఖ్య, పంక్తుల సంఖ్య వంటివి కొన్ని. తెర తుడుచుటకు, కర్సరును పంపుటకు వలసిన అక్షరముల వరుసలు మిగిలినవి. ప్రతిదానికి రెండక్షరముల పేరు. కర్సరు చలనమునకు 'సీఎమ్', తెర తుడుపునకు 'సీఎల్'. టిల్డే చూపలేని హేజెల్టైన్ కొరకే 'హెచ్‌జెడ్' అను ఒక పేరు ప్రత్యేకముగ వెలసినది! ఒక కంపెనీ చేసిన ఒక చిన్న ఎంపిక ఇట్లు ఎల్లరి పట్టికలోను శాశ్వతముగ నిలిచినది.

ప్రోగ్రాము వ్రాయువానికి ఈ పట్టికను ముట్టుకొను పనిలేదు. అతనికి ఆరు ఉపప్రోగ్రాములు చాలును. 'టీగెట్‌ఎంట్' టెర్మినల్ పేరు చెప్పగా దాని పేరాను వెదకి తెచ్చును. 'టీగెట్‌ఫ్లాగ్', 'టీగెట్‌నమ్', 'టీగెట్‌స్టర్' అనునవి పైజెప్పిన మూడు తెగలను వరుసగ అందించును. 'టీగోటో' పంక్తి, గడి సంఖ్యలను ఆ టెర్మినల్ భాషలోనికి మార్చును. 'టీపుట్స్' వలసినన్ని శూన్యములతో సహా తీగపైకి పంపును. పేరు మాత్రము 'టర్మ్' అను చోట వాడుకరి ముందుగ తెలిపియుండవలెను. ఈ ఏర్పాటులో నాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. ప్రోగ్రాము వ్రాసిన నాటికి పుట్టని టెర్మినల్‌పై కూడ ఆ ప్రోగ్రాము నడువగలదు. పట్టికలో ఒక పేరా చేర్చిన చాలును.

బర్క్‌లీలోనే కెన్ ఆర్నాల్డ్ వీఐలోని చలన గణితమును విడదీసి 1980 ప్రాంతమున 'కర్సెస్' అను గ్రంథాలయమును కూర్చెను. తెరపై ఇప్పుడున్న చిత్రము, ఉండవలసిన చిత్రము రెంటిని కర్సెస్ జ్ఞాపకములో నుంచుకొని, వాని భేదమును మాత్రమే పంపును. దీనిని ఆధారము చేసికొని మైకేల్ టోయ్, గ్లెన్ విచ్‌మన్‌లు 'రోగ్' అను ఆటను వ్రాసిరి. గంభీరమైన శాస్త్ర సాధనములు ఆటల ద్వారా వ్యాపించుట క్రొత్త గాదు.

టెర్మినళ్లు పెరిగినకొలది పట్టికయు పెరిగినది, లోపములును బయటపడినవి. వెదుకుట మొదటి పంక్తినుండి జరుగును, కావున తమ ఊరిలో వాడు టెర్మినళ్లను ఫైలు మొదట పెట్టుకొమ్మని సలహా యిచ్చెడివారు. పేరా 1,024 అక్షరములకు మించరాదు. పాత ప్రోగ్రాములు అంత స్థలమే కేటాయించియున్నవి, మించినచో ప్రక్క జ్ఞాపకముపై పొర్లును. సంఖ్యలను మార్చు సూత్రములలోను, డేటామీడియా 2500 కొరకు ఒకటి, డెల్టా డేటా కొరకు ఒకటి అని అతుకులు పడినవి.

వీఐ పోషణమును తరువాత చేపట్టిన మేరీ ఆన్ హార్టన్ బెల్ ప్రయోగశాలలలో చేరి 'టెర్మ్‌ఇన్ఫో' అను క్రొత్త పట్టికను నిర్మించెను. 1984లో యూనిక్స్ ఐదవ వ్యవస్థ రెండవ విడుదలతో అది వచ్చినది. ఇందు ప్రతి టెర్మినల్‌కు వేరు ఫైలు. పేరు మొదటి అక్షరమును బట్టి దాని అర యుండును, వెదుకులాట లేదు. వివరములను ముందుగనే యంత్రమునకు అనువైన రూపములోనికి మార్చియుంచుదురు. అతుకులకు బదులు నిజమైన గణితము వచ్చినది. అది పళ్ళెముల దొంతరవలె పనిచేయును. ఏడీఎమ్-3ఏ కైనచో "పంక్తి సంఖ్యను దొంతరపై పెట్టుము, 32 పెట్టుము, పై రెంటిని కూడుము, వచ్చినదానిని అక్షరముగ పంపుము" అని వ్రాసిన చాలును. రానున్న ఏ కంపెనీ వింత పద్ధతినైన ఇట్లు వర్ణింపవచ్చును.

లాభము స్పష్టమే. నష్టమును చెప్పుట న్యాయము. టెర్మ్‌క్యాప్‌ను ఎవరైనను ఎడిటరులో తెరచి చదివి దిద్దుకొనగలిగిరి. టెర్మ్‌ఇన్ఫో ఫైలు కంటికి కానరాని రూపమున నుండును, చదువుటకు 'ఇన్ఫోకంప్', తిరిగి కట్టుటకు 'టిక్' కావలెను. మా విద్యార్థి చిక్కును తీర్చినది ఈ జంటయే. అతని కంప్యూటరునుండి వర్ణనమును ఒకదానితో వెలికితీసి, రెండవదానితో దూరపు కంప్యూటరులోని అతని స్వంత అరలో చేర్చితిమి. ఎడిటరు తెరుచుకొన్నది.

బెల్ వారి కర్సెస్ అందరికి ఉచితముగ దొరకలేదు. అందుచేత 1982లో పావెల్ కర్టిస్ దానిని పోలిన మరియొకదానిని వ్రాసి ప్రజలకు వదలిపెట్టెను. దానినుండి జెయిడ్ బెన్-హాలిమ్, ఎరిక్ రేమండ్‌ల కృషివలన 1993లో 'ఎన్‌కర్సెస్' వెలువడినది. 1996నుండి థామస్ డికీ దానిని పోషించుచున్నాడు. లినక్స్ యంత్రములలో మనము నేడు వాడునది యిదియే.

గాజు తెరల యంత్రములు వాడుక తప్పినవి. వాటి వేషము వేయు కిటికీలు మాత్రము మిగిలినవి. 1984లో మొదలైన 'ఎక్స్‌టర్మ్' వీటీ100 సంతతిని అనుకరించినది. తరువాతివి ఎక్స్‌టర్మ్‌ను అనుకరించినవి. వానిలో ననేకములు తమ పేరును దాచి 'నేనును ఎక్స్‌టర్మ్‌నే' అని చెప్పుకొనును. పేరు పట్టికలో లేకున్న ప్రోగ్రాములు నడువవు గదా! అసత్యమైనను అది వ్యవహారమునకు అనుకూలము.

తెలుగు వ్రాయు మనకు ఈ పట్టికలో ఒక ప్రశ్న లోపించినది: ఒక అక్షరము తెరపై ఎన్ని గడులు పట్టును? 1978లో ఈ ప్రశ్నకు తావులేదు, ఒక అక్షరమునకు ఒక గడి. నేడు ప్రోగ్రాము తన లెక్క తాను వేసికొనును, టెర్మినల్ తన లెక్క తాను వేసికొనును. మార్కస్ కూన్ వ్రాసిన, పలువురు వాడుకొన్న లెక్క ప్రకారము 'కి'కి ఒక గడి, 'కు'కు రెండు గడులు. గుడిని స్థలము పట్టని గురుతుగను, కొమ్మును స్థలము పట్టు గురుతుగను యూనికోడ్ వర్గీకరించుటయే యిందుకు కారణము. 'స్త్రీ'కి ఆ లెక్కలో మూడు గడులు. టెర్మినల్ దానిని ఒకటిగ నెంచినచో, అక్కడినుండి పంక్తి చివరవరకు అన్నియు రెండేసి గడులు తప్పును. కర్సెస్ తన కర్సరు ఒకచోట నున్నదనుకొనును, అది నిజముగ వేరొకచోట నుండును. చెరుపదలచినది ఒక అక్షరము, చెరిగినది మరొకటి. 2023లో యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరమును ఒకే ముద్దగ నెంచవలెనని నియమము మార్చినది. కొన్ని క్రొత్త టెర్మినళ్లు 2027 అను సంఖ్యగల ఏర్పాటు ద్వారా, "నీవు ముద్దలుగ లెక్కింతువా?" అని తమ్ము నేరుగ అడుగనిచ్చుచున్నవి. ఇచట ప్రశ్న పట్టికకు గాక టెర్మినల్‌కే పోవుచున్నది. అయినను ఆ ముద్ద యెంత వెడల్పని మాత్రము ఆ నియమము చెప్పలేదు.